పిట్టగోడ మీద మసి

శనివారం, తార్నాక గది

మా రీసెర్చ్ గైడ్ సారు మమ్మల్ని యూనివర్సిటీ బస్సులో మా ఊరి నది మీది పాత రాతి వంతెన చూడడానికి తీసుకెళ్లారు. మేం వస్తున్నామని నిన్ననే అధికారులు అక్కడి తోపుడు బండ్లన్నీ తీయించారట. అమ్మ కంకులు కాల్చే పొయ్యి కూడా లేదు. పిట్టగోడ మీద దాని మసి మాత్రం మిగిలింది.

"చూసిన్రా, హెరిటేజ్ అంటే వీళ్లకు రెస్పెక్టే లేదు" అన్నారు సారు.

"అది మా అమ్మ పొయ్యి మసి సార్. గాలికి నిప్పులు ఆగవని గోడ చాటుకు పెట్టుకుంటది. ఆమెను మళ్లీ గాడనే కూసోనియ్యమని మీరొక మాట చెప్తే వింటరు."

సారు నా భుజం తట్టారు. "మంచి పాయింట్. ఆమెను ఇంటర్వ్యూ చెయ్యి. నీ థీసిస్‌కు పనికొస్తది."

తర్వాత ఆ మసి ముందే అందరం ఫొటో దిగాం.

క్యాంపస్‌లో బస్సు దిగేసరికి అమ్మ ఫోన్ చేసింది. పక్కనున్న కొత్త వంతెన మీద పొయ్యి పెట్టుకుందట. గాలికి ఒక్క కంకీ కాలలేదట.

"మీ సారుకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"నీతోని మాట్లాడి రాసుకోమన్నడు."



"రాసుకో. పొయ్యి యాడ పెట్టుకోవాల్నో గది కూడ మీ సారునడిగి రాసుకో."