సున్నా లేని సర్వర్

విజయవాడ, సోమవారం

ప్రియమైన ఖాలిక్‌కి,

కాలు ఎలా ఉంది? మెట్ల మీద జారిపడ్డవాడివి నోరు మూసుకుని పడుకోకుండా, మంచం మీద నుంచే ఫోన్లో బాకీలు ఎగ్గొట్టే పార్టీల మీద అరిచావట గదా! అక్తర్ చెల్లెమ్మ నీ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి మంచి పని చేసింది. నీ బీపీ తగ్గేదాకా ఉత్తరాలే గతి. అకౌంట్లు చూసే మన రేణుక రోజూ కొండపల్లి నుంచే వస్తుంది కాబట్టి తనే మనకి పోస్ట్‌మాన్. నేనొచ్చి చూద్దామంటే ఆఫీసు వదల్లేకుండా ఉన్నాను.

మనిద్దరి చీరల హోల్‌సేల్ ఆఫీసు నువ్వు లేకపోతే పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా ఉంది. ఏ చీర ఏ అరలో ఉందో ఎవరికీ తెలీదు. ముప్పై ఏళ్లుగా అందరూ నిన్నడగడమే గదా. అందుకని కంప్యూటర్లు బిగించే జాన్‌బాబు గారిని పిలిచి సర్వర్ పెట్టిస్తున్నాను. సర్వర్ అంటే ఓ పెద్ద పెట్టె. స్టాకు లెక్కంతా దాని కడుపులో ఉంటుందట. మన బల్లల మీది కంప్యూటర్లన్నీ నీలం వైర్ల మీదుగా దాన్ని అడుగుతాయి, అది జవాబు చెబుతుంది. "అంటే మా ఖాలిక్ అన్నమాట!" అన్నాను. ఆయన నవ్వలేదు.

నీ
మల్లేశ్వరరావు


కొండపల్లి, బుధవారం

మల్లేశూ, సలాం.

నీ ఉత్తరం చదివి నవ్వాను. చదవడం అయ్యాక నవ్వు రాలేదు. దుమ్ము మింగి, చీరలు మడతపెట్టి, ఏది ఎవరి మగ్గం మీద నుంచి దిగిందో బుర్రలో పెట్టుకున్నవాడికి బదులు నీలం వైర్లా! బాగుంది. మీ పెట్టె పొద్దున్నే నీతో టీ కూడా తాగుతుందా? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. పేరు నీది, బోడితనం నాకొచ్చింది.

కాలికి ఇంకో నెల పడుతుందన్నాడు డాక్టరు. తొందరేముంది, అడగడానికి పెట్టె ఉందిగా.

ఒక్క మాట. పెట్టెకి సరుకు లెక్క ఎవరు చెబుతున్నారు? నువ్వు మాత్రం వేలు పెట్టకు.

ఇట్లు,
పాతబడిన ఖాలిక్


విజయవాడ, శుక్రవారం

ప్రియమైన ఖాలిక్‌కి,

కోపమొచ్చిందా? పెట్టెని చూస్తే పోతుంది. ముహూర్తం చూసి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాం. నీళ్లు చిందుతాయని జాన్‌బాబు గారు తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. సాంబ్రాణి మాత్రం బతిమాలి మాన్పించారు.

రేణుక ఒక్కో రకం ఎన్నున్నాయో ఎక్కిస్తుంటే చూద్దును గదా, కొన్నిటి ఎదురుగా సున్నాలు! చదివింపులకే సున్నాతో ఆపకుండా నూట పదహారు ఇస్తామే, లక్ష్మి ఉండే చోట సున్నా ఏమిటి? మా నాన్న హయాం నుంచీ ఒక్క అర కూడా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. "సున్నా ఉన్నచోటల్లా ఒకటి వెయ్యమ్మా" అన్నాను. జాన్‌బాబు గారు ఏదో అనబోయారు గానీ, కాఫీ తెప్పించి చేతిలో పెట్టాను.

నిన్న ఉయ్యూరు నుంచి కృపానందం గారొచ్చారు. వచ్చే గురువారం చర్చిలో వాళ్లమ్మాయి శాలిని పెళ్లి. పెద్దమ్మాయి పెళ్లికి మన దగ్గర కొన్న వెండి జరీ అంచు తెల్ల చీర లాంటిదే కావాలట. పెట్టె ఒకటుందంది. మాటిచ్చేశాను. ఆయన ఇంకెక్కడా చూడకుండా ఇంటికెళ్లిపోయారు. పొద్దుట్నుంచీ వెతుకుతున్నాం, కనబడదే! ఎక్కడ పెట్టావు?

అన్నట్టు, నువ్వు కొండపల్లి బస్టాండు దగ్గర నిలబడి పునుగులు తింటుంటే రేణుక చూసిందట. కాలు విరిగినవాడు ఎలా నిలబడతాడని కోప్పడ్డాను.

నీ
మల్లేశ్వరరావు


కొండపల్లి, శనివారం

మల్లేశూ,

ఆ చీర ఎక్కడా లేదు. ఆఖరిది నేను పడకముందే అమ్మేశాను. పెట్టె చెప్పిన ఆ ఒకటి నువ్వు వేయించిన ఒకటే! ఇప్పుడు మన అరల్లో ఇలాంటి లేని చీరలు ఇంకెన్నున్నాయో!

నిన్ను తిట్టడానికి టైము లేదు. పెళ్లిపిల్ల ఎదురుచూస్తోంది. ఆ రకం నేసేది పెడనలో హనుమయ్య ఒక్కడే. ఫోన్లో మాట్లాడడు. వెళ్లి ఎదురుగా కూర్చుని, ఆయనిచ్చిన మజ్జిగ తాగి, చెప్పేవన్నీ విని, అప్పుడు అడగాలి. నా కాలు సంగతి తెలుసుగా. నువ్వే వెళ్లు.

ఖాలిక్


విజయవాడ, ఆదివారం

ప్రియమైన ఖాలిక్‌కి,

పెడన వెళ్లాను. మజ్జిగ తాగాను. అన్నీ విన్నాను. అలాంటి చీరే మగ్గం మీద సగంలో ఉంది, ఇంకో షాపుకట. "ఖాలిక్ గారొచ్చి అడిగితే చూద్దామండీ. మీరెవరో నాకు సరిగ్గా తెలీదు కదండీ" అన్నాడు. ఇన్నేళ్లుగా ఆయన నేసిన చీరలమ్ముకుని తింటున్నాను, నేనెవరో తెలీదట! ఆయన ముందు తల ఎత్తలేకపోయాను.

తిరిగొచ్చి, రేణుకని పిలిపించి, ఆ దొంగ ఒకట్లు తీసేసి, సున్నాలన్నీ నా చేత్తో నేనే కొట్టాను. కృపానందం గారికి చెబుదామని ఫోన్ తీస్తాను, మళ్లీ పెట్టేస్తాను. చీర కుదిరిందని ఆ పిల్ల జాకెట్టు కూడా కుట్టించేసుకుందట. నాకు అన్నం సయించడం లేదు.

నిన్ను రమ్మనను. కాలు అలా ఉన్నవాణ్ని ఏ ముఖంతో రమ్మంటాను? ఈ ఉత్తరం రేణుక వెళ్తూ వెళ్తూ నీకిస్తుంది.

మల్లేశ్వరరావు


కొండపల్లి, శుక్రవారం

మల్లేశూ,

చీర చేరింది. నేనే ఇచ్చొచ్చాను. హనుమయ్య మగ్గం పక్కన చాప వేసుకుని, వాళ్లింటి కబుర్లన్నీ వింటూ, చీర దిగేదాకా కదల్లేదు. ఆ షాపువాళ్లకి ఇంకోటి నేసిస్తానని ఆయనే కబురు చేశాడు. అట్నుంచటే ఉయ్యూరు వెళ్లాను. శాలిని చీర భుజాన వేసుకుని వాళ్లమ్మ వైపు తిరిగింది. ఆవిడ కళ్లొత్తుకుంది. నిన్న పెళ్లి చూసి, విందు తిని మరీ వచ్చాను.

కాలు విరిగినవాడు ఎలా వెళ్లాడంటావా? కట్టు విప్పేసి చాలా రోజులైంది. రేణుక చూసింది నన్నే, ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. పెట్టె వచ్చాక నేనెందుకులే అని ఇంట్లో కూర్చున్నాను. ఒక్కసారి రమ్మంటావేమోనని రోజూ గుమ్మంలో నిలబడి రేణుక కోసం చూసేవాణ్ని. నువ్వేమో ఎంతసేపూ కాలు గొడవే.

ఖాలిక్


విజయవాడ, శనివారం

ఒరే ఖాలిక్,

నీ కట్టు విప్పిన రోజే అక్తర్ చెల్లెమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది. నాకంతా తెలుసు.

మరి ఎందుకు పిలవలేదంటే, భయమేసింది. నువ్వు పడ్డనాడు ఆటోలో నీ తల నా ఒళ్లో ఉంది. "ఇక చాలు మల్లేశూ, నావల్ల కాదు, ఇంటిపట్టునే ఉంటాను" అన్నావు. నొప్పికి అన్నావో, నిజంగానే అన్నావో తెలీలేదు. రమ్మంటే రానంటావేమో, ఆ మాట విన్నాక నేను ఆఫీసు తలుపు తియ్యగలనా? నువ్వు లేకుండా ఎలా నెట్టుకురావాలో తెలియకే ఆ పెట్టె కొన్నాను. నిన్ను పంపించడానికి కాదురా.

ఇవాళ ఆఫీసులో ఎవరూ లేనప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని నీ పేరు కొట్టి వెతికాను. వివరాలు లేవంది. దాని మొహం, దానికేం తెలుసు!

ఇప్పుడు అడుగుతున్నాను. సోమవారం వచ్చెయ్యి.

నీ
మల్లేశు