చంద్రుడి మీద దిగని గార్డు

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్

తమ్ముడు మహీధర్‌కు,

ఇల్లు మారుతూ పాత పుస్తకాలన్నీ ఇచ్చేస్తున్నానన్నావు. నాన్న గోల్‌బజార్‌లో కొన్న ఆ బెంగాలీ పుస్తకం, చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లది, అది మాత్రం ఎవరికీ ఇవ్వకు.

నిన్న నా మనవరాలు ప్రజ్ఞ బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. ఇద్దరు చంద్రుడి మీద నడుస్తుంటే మూడో ఆయన పైన ఎందుకు ఉండిపోయాడని టీచరు అడిగిందట. “ఆయన గార్డు కదా” అని చెప్పిందట ఇది. క్లాసంతా ఒకటే నవ్వు. నేను చెప్పిన కథే మరి!

గూడ్సుబండి చివరి పెట్టెలో గార్డుగా ఒక్కడే కూర్చుని వచ్చిన నాన్న, యూనిఫాం అయినా విప్పకుండా మనకు బొమ్మలు చూపిస్తూ ఆ పుస్తకం తెలుగులో చదివేవాడు, గుర్తుందా? “ఇద్దరు దిగీసినారు. మూడోవోడు గార్డు. ఆలు తిరిగొచ్చీదాకా గార్డు బండి ఇడవకూడదర్రా!” దిగినవాళ్ల పేర్లు నాన్న ఒక్కసారి కూడా చెప్పలేదు.

పుస్తకం వెంటనే పంపు. ప్రజ్ఞకు నేనూ బొమ్మలు చూపిస్తూనే చెబుతాను. పంపేముందు నువ్వు మాత్రం చదవకు. మనిద్దరికీ ఇప్పుడు బెంగాలీ బాగా వచ్చు. అప్పుడు మనకు రాదు కాబట్టే ఆ గార్డు అందులో ఉన్నాడు.

మీ అక్క