గడ్డిని ఎండబెట్టినది నేనే

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
ఆసిఫాబాద్.

అర్జీదారు: ఎనగందుల స్వరూప, వృక్షశాస్త్ర అధ్యాపకురాలు (కాంట్రాక్టు), మహిళా డిగ్రీ కళాశాల, మోదుగుకుంట.

విషయం: కళాశాల లాన్‌కు నీళ్లు ఆపి ఎండబెట్టినందులకు, పిమ్మట దానిని మేకలతో మేపించినందులకు నాకు ఇచ్చిన మెమో గురించి, క్షమాపణ పత్రం రాసి ఇయ్యనని తెలియపరచుట గురించి.

అయ్యా,

పై విషయమునకు సంబంధించి తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన ఎల్లేశం బిడ్డను. సదరు కళాశాలయందు వృక్షశాస్త్రమును, డిగ్రీ పిల్లలందరికి తప్పనిసరి అయిన పర్యావరణ విద్యను బోధించుచున్నాను. కళాశాల హరిత కమిటీకి కన్వీనరును కూడా నేనే. కన్వీనరు అనగా, వానాకాలంలో మొక్క నాటునప్పుడు ఫొటోలో ప్రిన్సిపాల్ గారి పక్కన నీళ్ల చెంబు పట్టుకొని నిలబడు వ్యక్తి.

2. కళాశాలకు గ్రేడు ఇచ్చు తనిఖీ బృందం ఈ ఎండాకాలం వచ్చునని కబురు అందినది. సదరు గ్రేడులో పచ్చని ప్రాంగణమునకు వేరే మార్కులు కలవు. అందులకు ప్రిన్సిపాల్ గారు చాపలవలె చుట్టిన గడ్డిని హైదరాబాదు నుండి లారీలో తెప్పించి కళాశాల ముందరి మైదానములో పరిపించినారు. హాస్టల్ వెనుక కొత్త బోరు వేయించి, ఒక పైపు హాస్టల్ ట్యాంకుకు, మరొక పైపు లాన్‌కు కలిపించినారు. దీనిపై కమిటీ సమావేశంలో నేను లేచి నా అభ్యంతరము తెలిపినాను.

"సార్, ఇది మన ఎండకు బతికే గడ్డి కాదు. పొద్దుమాపు తడుపుతనే ఉండాలె. మన మైదానంల మన గడ్డే ఉన్నది. వానలకు లేస్తది, ఎండలకు పండుకుంటది, మళ్ల వానలకు లేస్తది. దాన్నే సూపిద్దాం."

"పండుకున్న గడ్డికి మార్కులు ఎవలిస్తరు మేడం?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పోయినసారి గ్రేడు పడిపోతే గ్రాంటు ఆగింది. మీ ల్యాబు కప్పు కురుస్తుంది గందుకే. యాదికున్నదా?"

యాదికున్నది. ఆ మాట అబద్ధం కాదు. ప్రిన్సిపాల్ గారు దుర్మార్గుడని ఈ అర్జీలో నేను ఎక్కడా రాయలేదని తమరు గమనించగలరు.

3. హోళీ పండుగ దాటినంక బోరు సన్నగిల్లినది. లాన్ మీద స్ప్రింక్లర్లు మాత్రం పొద్దున, సాయంత్రం తప్పకుండా తిరిగినవి. హాస్టల్‌లో రోజుకు పిల్లకు ఒక్క బకెట్ నీళ్లు అని ఉత్తర్వు వచ్చినది. తానం, బట్టలు, పాయిఖానా అన్నీ ఆ బకెట్‌లోనే. పిల్లలు బిందెలు పట్టుకొని రోడ్డు అవతల కొమురెల్లి అను రైతు బోరు కాడికి పోవుట మొదలుపెట్టినారు. కొన్నాళ్లకు సదరు కొమురెల్లి గేటు వద్దకు వచ్చి నన్ను పిలిపించినాడు.

"మేడం, పిల్లలకు నీళ్లిచ్చుడు నాకు బరువు కాదు. నాకూ ఆడివిల్లలున్నరు. కని మీ బోరు పడ్డ సంది నా బోరు గాలి పోస్తుంది. మీ గడ్డి నా మక్క చేనును తాగుతుంది."

"సార్‌తోని మాట్లాడుత కొమురెల్లన్నా."

"మాట్లాడు గని, ఒక్క ముచ్చట చెప్పు. గంత గడ్డి వెంచుతుండ్రు, మేపుతందుకు మీకు బర్రెలన్న ఉన్నయా?"

దీనికి జవాబు తమరి వద్ద ఉన్నచో తెలుపగలరు.

4. ఆ రోజులలోనే పర్యావరణ విద్య పరీక్ష పెట్టి, నీటి పొదుపు గురించి రాయుమని ప్రశ్న ఇచ్చినాను. జైనూర్ దిక్కు గూడెం నుండి వచ్చి చదువుచున్న నవీన అను విద్యార్థిని కలం కింద పెట్టి లేచి నిలబడినది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్ల.

"మేడం, పొదుపు గురించి ఏం రాయాలె? పొదుపు జేస్తందుకు మాకాడ నీళ్లే లెవ్వు."

క్లాసంతా నవ్వింది. నవీన నవ్వలేదు. తెల్లారి బ్యాగు సర్దుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఇంటికి పోత మేడం. పరీక్షలకొస్త."

"ఇప్పుడు పోవుడేంది? సిలబస్ కాలే."

నేల చూసుకుంట చెప్పింది. "నెలసరి వచ్చింది మేడం. బట్ట ఉతుక్కుంటందుకు నీళ్లు లెవ్వు. రెండు దినాల సంది గదిల నుంచి బయటికి రాలే. మా ఊర్ల వాగుల ఇసుక తోడి చెలిమె తీసుకున్నా గింతకన్న మంచిగుంటది."

ఆ పిల్ల బస్సెక్కేటప్పుడు నేను గేటు కాడనే ఉన్నాను. ఎనక లాన్ మీద నీళ్లు చిమ్ముతున్నయి. తుంపర్లు గాలికి వచ్చి మా మీద పడ్డయి. అయ్యా, మధ్యలో ఇంటికి పోయిన పిల్లలు మళ్లీ వచ్చుట ఎంత అరుదో ఈ జిల్లాలో పని చేయుచున్న తమరికి నేను చెప్పనవసరం లేదు.

5. ప్రిన్సిపాల్ గారిని కలిసి పరిస్థితిని వివరించినాను. "బృందం వచ్చిపోయేదాక ఓపిక పట్టుమనుండ్రి" అన్నారు. బృందం ఎప్పుడు వచ్చునని అడిగినాను. తెలియదన్నారు.

6. ఆ సాయంత్రం మా బాపుకు ఫోన్ చేసినాను. ఆయన బొగ్గుబాయిలో ఎన్నో సమ్మెలు చూసిన మనిషి. సంగతి అంతా విని, "ఏం జేద్దామనుకుంటున్నవ్?" అన్నాడు.

"లాన్‌కు నీళ్లు బంద్ చేద్దామని. పొద్దుగాల ఎవ్వలు లేనప్పుడు పోయి వాల్వు తిప్పుత."

"గట్ల జెయ్యకు." బాపు గొంతు పెరిగింది. "చెప్పకుంట పని మానితే గైర్హాజరు. చెప్పి మానితే సమ్మె. దొంగతనంగ జేసినవనుకో, నీది తప్పయితది. మొఖం మీద చెప్పి జెయ్యి."

"నౌకరి పోతే?"

"పోతది." అన్నాడు బాపు. "పోతే ఇంటికి రా. ఇంట్ల నీళ్లున్నయి."

7. అందుచేత మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి పోయి, సిబ్బంది ఎదుట, నిలబడి చెప్పినాను. "సార్, ఇయ్యాల్టి సంది లాన్‌కు నీళ్లు బంద్ చేస్తున్న. చెప్పి చేస్తున్న." ఆయన నేను పరిహాసమాడుచున్నానని తలచి నవ్వినారు. నేను అక్కడి నుండి నేరుగా బోరు దగ్గరికి పోయి, లాన్ వాల్వు మూసి, హాస్టల్ వాల్వు పూర్తిగా తెరిచి, లాన్ వాల్వు చక్రాన్ని ఊడదీసి నా బ్యాగులో వేసుకున్నాను. మోటరు చూసుకునే హనుమండ్లు పక్కనే బీడీ తాగుతున్నాడు.

"హనుమండ్లూ, ఎవలు జేసిండ్రని అడిగితే నా పేరు చెప్పు."

"నేను సూడలే మేడం."

"చూసినవు గదా!"

"సూసిన. కని సూడలే."

ఇట్టి విషయంలో హనుమండ్లుకు ఎట్టి సంబంధము లేదని, మెమోలో అతని పేరు కూడా చేర్చుట అన్యాయమని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.

ఆ మధ్యాహ్నమే నవీనకు ఫోన్ చేసి "నీళ్లొచ్చినయి, రా" అన్నాను. ఆ పిల్ల నాలుగో రోజు వచ్చింది. తల పోసుకొని, జుట్టు ఆరబోసుకొని నా క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంది. జుట్టు ముడుచుకొమ్మని నేను అనలేదు.

8. గడ్డి పసుపుపచ్చగా అయినది. వాల్వు చక్రము ఇయ్యమని ప్రిన్సిపాల్ గారు అడిగినారు, నేను ఇయ్యలేదు. అప్పుడు లాన్ తడుపుటకు ప్రైవేటు ట్యాంకరును పిలిపించినారు. ట్యాంకరు గేటులోకి వచ్చేసరికి హాస్టల్ పిల్లలందరు బకెట్లు, బిందెలు, మెస్ గిన్నెలు పట్టుకొని లాన్ చుట్టూ నిలబడి ఉన్నారు. రమ్మని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే చెప్పినానని ఇక్కడ రాసేదాన్ని.

"జరుగుండ్రమ్మా, గడ్డికి పోయాలె" అన్నాడు డ్రైవరు.

"గడ్డి ఏమన్న బకెట్ తెచ్చుకున్నదా అన్నా?" అన్నది నవీన.

డ్రైవరు పిల్లల దిక్కు చూసి, ఎండిన గడ్డి దిక్కు చూసి, దిగి నల్లా తిప్పినాడు. "నాకు ట్యాంకర్ ఖాళీ అయితే సాలు. ఎవల పేరు మీద ఖాళీ అయితే నాకేంది?" ఒక్క బొట్టు గడ్డి మీద పడలేదు. ఆ రాత్రి హాస్టల్‌లో దుప్పట్లు కూడా ఉతుక్కున్నారు.

9. బృందం రేపు వచ్చుననగా ఒక మనిషి పిచికారీ పంపు, ఆకుపచ్చ రంగు డబ్బాలు పట్టుకొని వచ్చినాడు. ఏమిటని విచారించగా, ఎండిన గడ్డికి రంగు వేయుటకు వచ్చితినని తెలిపినాడు. అయ్యా, నేను వృక్షశాస్త్రం చదివినదాన్ని. ఆకు పచ్చగా ఎందుకుంటదో ఇన్నేండ్లుగా పిల్లలకు చెప్తున్నదాన్ని. వాళ్లు కిటికీల్లోంచి చూస్తుంటే ఎండుగడ్డికి రంగేస్తే, రేపు నేను బోర్డు మీద ఏం రాయాలె? ఏ మొఖం పెట్టుకొని రాయాలె?

రంగు మనిషిని చాయ తాగమని పంపించి, రోడ్డు దాటి కొమురెల్లి ఇంటికి ఉరికిన.

"కొమురెల్లన్నా, మేకలను తోలుకరా. జల్ది. రంగు పడ్డంక తింటే సస్తయి."

"గేట్లకెల్లి రానిస్తరా?"

"గేటు నేను తీస్త."

తీసిన. మేకలు వచ్చినయి. అతడు చాయ తాగి వచ్చేసరికి రంగు వేయడానికి అక్కడ గడ్డి లేదు. పాపం, రంగు మనిషి డబ్బాల పక్కన కూర్చొని మేకలనే చూస్తుండు.

10. తనిఖీ బృందం వారు మర్నాడు వచ్చి, బోసి మైదానమును, ప్రిన్సిపాల్ గారి చేతిలోని కాగితమును మార్చి మార్చి చూసినారు. వారిలో ఒక పెద్దమనిషి నవీనను పిలిచి, "ఇక్కడ లాన్ ఉన్నదని రాసిండ్రు. ఏదమ్మా?" అన్నారు.

"మేకలు తిన్నయి సార్."

"నీళ్లు పట్టలేదా?"

"నీళ్లు మేం తాగినం సార్."

ప్రిన్సిపాల్ గారి మొఖం తెల్లబోయింది. ఆ పెద్దమనిషి మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. హాస్టల్ ఎక్కడని అడిగి, అటు నడిచినారు. పోయి ఏం చూసినారో, ఏం రాసుకున్నారో నాకు తెలియదు. గ్రేడు ఇంకా రాలేదు. పడిపోవచ్చును. ల్యాబు కప్పు ఇంకో వానాకాలం కురవవచ్చును. అదంతా తెలిసే చేసినాను.

11. తదుపరి నాకు మెమో అందినది. అందులో నా మీద మోపిన నేరములు: ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేయుట, పశువులను ప్రాంగణంలోకి అనుమతించుట, విద్యార్థినులను రెచ్చగొట్టుట. క్షమాపణ పత్రం రాసి ఇచ్చినచో మెమో రద్దు చేయుదురట. లేనిచో నా కాంట్రాక్టు వచ్చే ఏడు పొడిగించరాదని పైకి రాయుదురట. నా జవాబు తమ సముఖముననే తెలుపుచున్నాను.

గడ్డిని ఎండబెట్టినది నేనే. మేకలకు గేటు తీసినది నేనే. పిల్లలను రెచ్చగొట్టినది నేను కాదు. తానానికి నీళ్లు లేకపోవుట వారిని రెచ్చగొట్టినది. క్షమాపణ పత్రం రాయను. పిల్లలు గదుల్లో తలుపులు పెట్టుకొని కూర్చుంటే గడ్డికి తానం పోయించిన వారు రాసినచో, దాని కింద సాక్షి సంతకం మాత్రం చేయగలను.

12. కావున తమరిని కోరునది: ఈ జిల్లాలో ఏ కళాశాలలోనైనా, ఏ హాస్టల్‌లోనైనా, పిల్లలకు చాలినన్ని నీళ్లు అందిన తరువాతనే మరి దేనికైనా నీళ్లు పెట్టవలెనని ఉత్తర్వు ఇయ్యగలరు. మా మైదానములో వానలకు మొలిచే గడ్డిని మొలవనియ్యగలరు. పిల్లలు తానాలు చేసిన నీళ్లు ఊరికే మోరీలో పోవుచున్నవి. వాటితో హాస్టల్ వెనుక కానుగ, చింత పెంచుటకు పిల్లలే గుంతలు తవ్వుచున్నారు, వారిని ఆపకుండ చూడగలరు. కొమురెల్లి బోరు ఇంకా గాలే పోయుచున్నది. మక్క చేను ఎండిపోయినది. ఆ నష్టము కళాశాల చేసినదే గనుక అతనికి న్యాయము చేయగలరు.

నా కాంట్రాక్టు గురించి ఈ అర్జీలో ఏమియు కోరుట లేదు. ఉంచినచో వచ్చే ఏడు కూడా ఇదే పని చేయుదునని ముందే తెలియజేయుచున్నాను. ముందే చెప్పుట మా ఇంటి పద్ధతి.

పై సంగతులన్నియు నిజమని నమ్మి, నమ్మకున్నచో విచారించి, తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(కుర్చీకి విధేయురాలు. గడ్డికి కాదు.)
ఎనగందుల స్వరూప

మరొక మనవి: ఈ అర్జీని సాఫుగా రాసిపెట్టుమని నవీనకు ఇస్తే, చివరి వాక్యం కాడ ఆగి, "చిత్తగించవలెను అంటే ఏంది మేడం?" అని అడిగింది. దయతో చూడుమని అర్థం అన్నాను. "గట్లయితే చూడుండ్రి అనే రాయరాదు? సార్‌కు మంచిగ సమజైతది" అన్నది. అందుకని ఆ పిల్ల చెప్పినట్టే రాస్తున్నాను.

సార్, ఒక్కసారి మా హాస్టల్‌కు వచ్చి చూడుండ్రి. వచ్చేముందు మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి. చెప్పి వస్తే మళ్లీ గడ్డి పరుస్తరు.