పుస్తకం మీద వేయించిన ఒట్లన్నీ రద్దు చేస్తూ

ఇరవై రెండో వార్డుకు మూడు విడతలుగా, పన్నెండేళ్లుగా కౌన్సిలరును, వృత్తికి గేట్లు చేసే వెల్డరును, ఎవరూ నియమించకుండానే ప్రార్థన మందిరంలో వాక్యం చెబుతున్నవాణ్ణి అయిన నేను, అరవై ఎనిమిదో ఏట, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు రాసిచ్చాడు. బుద్ధి సరిగా ఉందని కూడా రాసిచ్చాడు. పదవిలో ఉన్నన్నాళ్లూ అది సరిగా లేదన్న సంగతి ఆయనకు తెలియదు. ఇంతకుముందు రాసిన కాగితాలేవీ ఇక చెల్లవు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత రిటైరైన హెడ్మిస్ట్రెస్సుగారిది. మూడు ఎన్నికల్లోనూ నా చేతిలో ఓడిపోయింది ఆవిడే. కబురు పెడితే వచ్చి, "బతికుండగా ఒక్కసారన్నా నన్ను నెగ్గనివ్వలేదు, పోయాక నెగ్గనిస్తారా?" అన్నారు. నెగ్గనిస్తాను.

2. వీధివైపు షాపు గది తప్ప మిగతా ఇల్లంతా నా భార్యకు, ఆమె తదనంతరం కూతురికీ కొడుక్కీ సమానంగా. సంతకాల కోసం తెల్లారకముందే వచ్చి కూర్చున్న వాళ్లందరికీ పన్నెండేళ్లు టీలు పోసింది. ఇకమీదట తలుపు ఎప్పుడు తీయాలో, అసలు తీయాలో వద్దో ఆమె ఇష్టం.

3. మురుగుకాలువల ప్రారంభోత్సవాల్లో నాకిచ్చిన పంతొమ్మిది కత్తెరలు కుట్టుపని చేసే మా అక్కకు. రిబ్బన్లు తప్ప ఏమీ కోయలేదు కాబట్టి పదును పోలేదు. కాలువలు మాత్రం ఎనిమిదే. ఒక్కో కాలువకు రెండు మూడుసార్లు రిబ్బను కట్టాం. అక్కా, వాటితో పిల్లల గౌన్లు కత్తిరించు. వాటికి కాస్త మర్యాద దక్కుతుంది.

4. మా వీధివాళ్లు తారు బాబాయి అని పిలిచే కాంట్రాక్టరుకు ఏమీ లేదు. అతని రోడ్డు మొదటి వానకే కొట్టుకుపోయింది. ఆ పని ఆమోదం కోసం కౌన్సిలు మీటింగుకు వచ్చిన రోజు అంశం చదవలేదు, నంబరు చదివారు. నేను చెయ్యెత్తాను. అంతకుముందు ఆదివారమే, లేఖనాల్లో పప్పుకూటి కోసం పెద్దకొడుకు హక్కు అమ్ముకున్నవాడి మీద గంటసేపు నిప్పులు కురిపించాను. నాకు ఆ కూడు కూడా దక్కలేదు. మున్సిపల్ ఛైర్మన్ పక్కన కుర్చీ దక్కింది.

5. నా లేఖన గ్రంథం గురించి. దాని అట్ట మీద అరచేతి మేర నలుపు పోయింది. చదివితే అలా అరగదు. మొదటి ఎన్నికలప్పుడు ఇల్లిల్లూ తిరిగి, దాని మీద చెయ్యి వేయించి, నాకే ఓటేస్తామని ఒట్టు వేయించుకున్నాను. ఇస్త్రీబండి ఆవిడ, "చేతులు తడిగా ఉన్నాయండీ, పుస్తకం పాడవుద్ది" అంది. పర్వాలేదు వెయ్యమన్నాను. వేసింది. ఓటు మాత్రం తన కూతురికి అక్షరాలు నేర్పిన హెడ్మిస్ట్రెస్సుగారికి వేసింది.

నెల తిరక్కుండా ఆ ఏడేళ్ల పిల్లకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పోకుండా నా గుమ్మంలోకి ఎత్తుకొచ్చింది. "మాట తప్పానయ్యా. మీ పుస్తకం నా పిల్లను పట్టుకుంది. విడిపించండి" అంది. దేవుడు ఓట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోడని చెప్పాల్సింది నేను. మూడు రోజులు ప్రార్థన చేసుకోమని పంపేశాను. ఆవిడ అటు వెళ్లగానే, కొత్త కుళాయిల జాబితాలో ఆ ఇంటిని కొట్టేశాను. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్ల బతికింది. రెండు చెవులూ పోయాయి.

తర్వాతి రెండు ఎన్నికలకూ అదే పుస్తకం పట్టుకుని తిరిగాను. అబద్ధ ప్రవక్తల మీద గొంతు పోయేలా అరిచిన నోరు ఇదే. నా నోరంటే నాకే రోత.

6. షాపు గది ఆ అమ్మాయికి, సర్వహక్కులతో. ఆమె ఇప్పుడు తల్లితోపాటు రోడ్డు పక్కన వానలో ఎండలో ఇస్త్రీ చేస్తోంది. దీంతో నా తప్పు మాఫీ అయినట్టు ఎవరూ ఆమెతో అనకూడదు. వద్దంటే బతిమాలకండి. ఆమె మనసు మారేదాకా గది ఖాళీగా ఉంచండి.

7. నా కొడుక్కి. పోయిన వారం నేను నిద్రపోయాననుకుని, మంచం పక్కనే నిలబడి పార్టీవాళ్లతో ఫోనులో అన్నావు: "నాన్న పోతే ఉపఎన్నిక ఖాయం అన్నా. సానుభూతి మనకే. పుస్తకం కూడా ఇంట్లోనే ఉందిగా." కాబట్టి నా ప్రాణం పోయిన గంటలోనే పుస్తకం హెడ్మిస్ట్రెస్సుగారి ఇంటికి చేరాలి, మళ్లీ మన గడప తొక్కకూడదు. నా శవాన్ని వెనక సందులోంచి తీసుకెళ్లాలి. మైకు వద్దు, గోడల మీద నా ఫొటో వద్దు. ఈ ఉపఎన్నికలో నువ్వు నిలబడితే బజార్లో ఉన్న వెల్డింగు షాపు మొత్తం దాన్ని నడుపుతున్న మీ అక్కది. నిలబడకపోతే సగం నీది. నాయనా, వార్డు నీకు రాసివ్వడానికి నాది కాదు.

8. నామినేషన్లకు ముందే ఈ కింది మాటలు మందిరంలోనూ, ప్రతి సందులోనూ చదివి వినిపించాలి. ఇస్త్రీబండి అమ్మాయికి వినబడదు గనుక పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వాలి: "పుస్తకం మీద చెయ్యి వేసి నాకు ఇచ్చిన మాట ఏదీ చెల్లదు. అది తప్పినందుకు మీకు గానీ మీ పిల్లలకు గానీ ఏ కీడూ రాలేదు, రాదు. పాపం ఒట్టు అడిగినవాడిది. మీకు నచ్చినవాళ్లకు ఓటేసుకోండి."

తేదీ: 2023 మార్చి పధ్నాలుగు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

సంతకం: వెల్డరు. కౌన్సిలరు అన్న మాట రాసి కొట్టేశాను, ఆ కొట్టివేత నాదే.

సాక్షులు: మా వీధి పోస్టుమాన్, మందిరం ఊడ్చే పెద్దమ్మ. వీళ్లిద్దరి చేతా ఏ ఒట్టూ వేయించలేదు. కళ్లతో చూశారు, సంతకం పెట్టారు.