పాదాల అర

రుజోంబెరోక్,
జనవరి 9

ప్రియమైన అత్తయ్యకు,

మీరు పంపిన గసగసాల రొట్టె అందింది. సగం నేను తిని, సగం కింది వాటా వాళ్ళకిచ్చాను. మీ మోకాళ్ళ సంగతి ఒక్క ముక్క రాయలేదు, అంటే నొప్పి బాగానే ఉందన్నమాట. మీ సంగతి నాకు తెలీదా!

రాయాల్సింది రొట్టె గురించి కాదు. ఈ పదిహేడుకి మన వెండెలీన్ పోయి రెండేళ్ళు. ఆ రోజు నేను కొండెక్కి, అతను దొరికిన బండ కిందే, అతను కప్పుకున్న బొంతే కప్పుకుని ఒక రాత్రి పడుకోబోతున్నాను. అడ్డు చెప్పకండి. ఎందుకో చెప్తాను. చదివాక మీరు నన్ను మీ గడప తొక్కనివ్వకపోయినా సరే.

ఆ బొంత నేనే కుట్టానని మీకు తెలుసు. మీ అబ్బాయికి బరువంటే ఎంత భయమో కూడా తెలుసు. వీపు సంచీ తేలికవ్వాలని పళ్ళు తోముకునే బ్రష్షు పిడి కోసేసిన మనిషి! "జెల్మీ, దుకాణంలోవన్నీ గాడిద బరువే. నువ్వు కుట్టిపెట్టవే, నీ చేతిపని ముందు వాళ్ళెంత" అని ఒకటే కాకా పట్టాడు. వంటింటి బల్ల మీద ఉల్లిపొర లాంటి గుడ్డ పరిచి కత్తిరించాను. పై గుడ్డనీ కింది గుడ్డనీ కలిపి కుట్టేస్తే ఆ కుట్ల వెంటే చలి దిగుతుంది. అందుకని మధ్యలో వల గుడ్డతో సన్నటి గోడలు నిలబెట్టి అరలు చేశాను. తర్వాత స్నానాల గది తలుపు బిగించుకుని ఒక్కో అరలో బాతు నూగు, ఆ పొట్ట కింది మెత్తటి ఈకలు, కూరాను. మూడు రోజుల పాటు తుమ్మితే ముక్కులోంచి నూగే వచ్చింది. మీ అబ్బాయి తలుపవతల నిలబడి "లోపల బాతు పొదుగుతోందా ఏంటి?" అని ఒకటే నవ్వు.

చివరికి పాదాల అర మిగిలింది. బొంత ఆ కొసన సంచీలా మూసి ఉంటుంది, కాళ్ళు అందులో దూర్చుకోవాలి. దాని చుట్టూ వంద గ్రాముల నూగు పొయ్యాలి. సరిగ్గా అప్పుడే అతను, నా పుట్టినరోజుకి కూడా కొండకే వెళ్తున్నానని తలుపవతల నుంచే చెప్పాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఏ ఒక్క శుక్రవారమైనా ఇంట్లో ఉన్నాడా చెప్పండి? నాకు ఒళ్ళు మండింది. నలభై గ్రాములే పోసి అర కుట్టేశాను. కాళ్ళకి కాస్త చలేస్తే పెందరాళే ఇంటికొస్తాడనుకున్నాను. చచ్చిపోవాలని కాదత్తయ్యా, ఇంటికి రావాలని. మిగిలిన నూగు చిన్న సంచీలో కట్టి అటక మీద పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

అతను మంచు మీద జారి, తొడ విరిగి, బండ కిందికి పాక్కుంటూ పోయి ఆ బొంతలో దూరాడు. కొండల్లో చిక్కుకున్నవాళ్ళని దించే రక్షణ దళం వాళ్ళు చేరేసరికి మూడో రోజు పొద్దున. పోయి ఎంతోసేపు కాలేదన్నారు. కాళ్ళు వెచ్చగా ఉండుంటే ఇంకో పూట ఓర్చుకునేవాడేమో. ఈ "ఏమో"ని పక్కలో వేసుకునే రెండేళ్ళుగా పడుకుంటున్నాను. నేనే చంపానా, కాదా? ఆ చలి ఎంతటిదో నా కాళ్ళకి తెలిస్తే గాని ఇది తేలదు.

ఇంకొకటి ఉంది. నాకు మతి పోయిందనుకుంటారు, అయినా చెప్తాను. బొంతని పొయ్యి లేని చిన్న గదిలో మేకుకి వేలాడదీశాను. పోయిన నెల దింపి తూచాను. నేను కుట్టి ఇచ్చిననాటి కంటే ముప్పై గ్రాములు ఎక్కువ తూగింది. చెమ్మేమోనని రెండు రోజులు పొయ్యి దగ్గర ఆరబెట్టాను. ఆ ముప్పై అలాగే ఉంది. పాదాల అర తడిమితే నిండుగా తగిలింది. అంచున జానెడు కుట్టు నాది కాదు. నాది మిషన్ కుట్టు, అది చేతి కుట్టు, ముడి లోపలికి తోసి ఉంది. అతనికి బొత్తాం కుట్టుకోవడం కూడా రాదు కదా!

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే అందులో చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఆ గదిలో కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు కడుతుంది. పాదాల దగ్గర మాత్రం వెచ్చగా ఉంటుంది, ఎవరో ఇప్పుడే కాళ్ళు తీసుకుని లేచి వెళ్ళినట్టు. ఒక రోజని కాదు, ప్రతి రోజూ. మా ఇంట్లో పిల్లి కూడా లేదని మీకు గుర్తుచేస్తున్నాను.

నన్ను క్షమించమని అడగను. నిజం మీకు చెప్పకుండా కొండెక్కడం ఇష్టం లేక రాశాను.

మీ కోడలు
జెల్మీరా


జనవరి 14

అమ్మాయ్ జెల్మీరా,

దీన్ని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పోస్టుని నమ్మను. కొండెక్కావంటే నా మీద ఒట్టే. ఆ కుట్టు నాది.

కొండెక్కే ముందు రోజు వాడు నా దగ్గరే ఉన్నాడు కదా. పుల్లక్యాబేజీ చారు రెండు గిన్నెలు లాగించి, "చూడమ్మా, నా పెళ్ళాం కుట్టింది" అని బొంత నా ఒళ్ళో పడేసి మురిసిపోయాడు. చిన్నప్పటి నుంచీ దిండ్లలోకని కాడల నుంచి ఈకలు గీరిన చేతులే ఇవి. పాదాల దగ్గర పలచగా ఉందని ముట్టుకోగానే తెలిసింది. ఎందుకు పలచనో కూడా తెలిసింది. నీ వయసులో నేను మీ మామయ్య చొక్కాకి బొత్తాలు కుట్టేదాన్ని కాదు, సారా కొట్టుకి పోకుండా ఉంటాడని. పోయేవాడే అనుకో.

వాడు పడుకున్నాక జానెడు కుట్టు విప్పి నింపాను. దేంతో నింపానో, అదీ నా పాపం. మీ మామయ్య ప్రాణం పోక ఎనిమిది రోజులు కొట్టుకున్నాడని విన్నావుగా. అప్పుడు పక్కింటి సెరఫీనా వచ్చి దిండు నొక్కి చూసి, "హెర్మీనా, దీంట్లో అడవి పావురం ఈకలు కలిశాయే! వీటి మీద ఉన్నవాడి ప్రాణం పోదు. లాగెయ్" అంది. చలికాలం ఆడవాళ్ళందరం కూర్చుని ఈకలు గీరేటప్పుడు, దయ్యాల కబుర్లలో పడి నేనే చూసుకోక కలిపేశాను. దిండు లాగేశాం. దీపాలు పెట్టే వేళకి ఆయన పోయాడు. ఆ దిండు కాల్చెయ్యమంది సెరఫీనా. కొడుకు కొండలు పట్టుకుని తిరుగుతుంటే ఏ తల్లి కాలుస్తుంది చెప్పు? దాచిపెట్టాను. ఆ రోజు అందులోంచి రెండు గుప్పిళ్ళు తీసి వాడి కాళ్ళ దగ్గర కూరాను, చావు వాడి జోలికి రాకూడదని.

పాతిపెట్టిన మర్నాడు రక్షణ దళం ముసలి ఆంబ్రోజ్ మా ఇంటికొచ్చాడు. "హెర్మీనా, నలభై ఏళ్ళుగా కొండ మీంచి మనుషుల్ని దించుతున్నాను. ఆ దెబ్బకి, లోపల పోయిన రక్తానికి, మొదటి రోజు పొద్దుగూకక ముందే పోవాల్సినవాడు. రెండు రాత్రులు ఎలా ఉన్నాడో నాకైతే అంతుపట్టలేదు. కాళ్ళు చూశాను, మంచు కొరకలేదు. పసివాడి కాళ్ళలా ఎర్రగా ఉన్నాయి" అన్నాడు. నన్ను ఓదార్చాననుకుని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు చంపలేదే పిచ్చిదానా. నేనే చావనివ్వలేదు. తొడ విరిగిన బిడ్డని ఆ మంచులో రెండు రాత్రులు పట్టి ఉంచాను. ఇది నీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే నోరు విప్పలేదు.

ఆ వెచ్చదనం నీ భ్రమ కాదు. ఒళ్ళు ఓడిపోయినా ప్రాణం ఆ ఈకల్లోనే చిక్కుకుంది, వాడింకా వెళ్ళలేదు. పదిహేడున బొంత పట్టుకుని ఇక్కడికి రా. దిండులో మిగిలింది నేను కాల్చేశాను. ఇది మాత్రం నీ చేత్తో విప్పాలి.

నీ అత్త
హెర్మీనా


రుజోంబెరోక్,
జనవరి 20

అమ్మా,

అత్తయ్యా అని రాయబుద్ధి కాలేదు. ఏమీ అనుకోకండి.

ఇంటికి చేరాక మీ పెరడే కళ్ళ ముందు తిరుగుతోంది. నేను కుట్టు విప్పడం, మీరు తెల్ల నూగులోంచి బూడిద రంగు ఈకలు ఒక్కొక్కటే ఏరడం. ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కించలేని కళ్ళతో ఒక్కటి కూడా వదల్లేదు మీరు. గాలి లోయకేసి గట్టిగా వీస్తోంది. అయినా మీ అరచేతిలో ఆ ఈకలు కదలకుండా కూర్చున్నాయి. అప్పుడు మీరు, అతన్ని చిన్నప్పుడు తిట్టినట్టే తిట్టారు: "వెళ్ళరా వెధవా! కాళ్ళు వెచ్చబడ్డాయిగా, ఇంక వెళ్ళు. మేమేం అనుకోం." అవి లేచి, దడి దాటి, గాలికి ఎదురుగా కొండకేసి పోయాయి. ఇద్దరం చూశాం. కాసేపయ్యాక మీరు కోళ్ళగూడు తలుపేశావా అని అడిగారు.

ఇంటికొచ్చి అటక మీది సంచీ దింపాను. ఆనాడు దాచుకున్న నూగంతా పాదాల అరలో కూరి, కుట్టి, అదే మేకుకి తగిలించాను. ఈసారి నా కోపం అందులో లేదు.

కాళ్ళకి చలేస్తే ఇంటికొస్తాడనుకున్నాను కదమ్మా. వెచ్చటి కాళ్ళతోనే వచ్చాడు. రెండేళ్ళు ఆ చిన్న గదిలోనే ఉన్నాడు, శుక్రవారాలు కూడా.

ఈ పొద్దున చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాను. చల్లగానే ఉంది. అప్పుడు ఏడ్చాను.

మీ
జెల్మీరా