మూకుడు ఒకరికి, గరిట మరొకరికి

లీమా నగరం బ్రెన్యా పేటలో కాపురముంటున్న ఫౌస్తీనో సియు భార్యను, యాభై ఆరేళ్ళ గృహిణిని, హెర్మెలిందా తంతలేయాన్ అనే నేను, మతి స్థిమితంగా, కడుపు నిండుగా ఉండి, ఎవరి బలవంతమూ బతిమాలడమూ లేకుండా, నా చేతివ్రాతతో రాసుకున్న వీలునామా ఇది.

నాకు జబ్బేమీ లేదు. నిన్న బజారు నుంచి రెండు సంచులు నేనే మోసుకొచ్చాను. చావు భయంతో రాస్తున్నది కాదు. ఈ ఫిబ్రవరి నుంచి ఇద్దరు మనుషులు విడివిడిగా వచ్చి నన్ను ఒకే మాట అడిగారు: నీ తరవాత ఆ మూకుడు ఎవరికి అని. ఒకరు నా కూతురు జొరైడా. రెండోవారు మా ఆయన అక్క దెల్మీరా వదిన. వాళ్ళిద్దరికీ మాటలు లేవు. నోటితో చెబితే ఎవరికి కావలసిన సగం వాళ్ళు వింటారు కనుక కాగితం మీద పెడుతున్నాను.

దీన్ని రేపు కవరులో పెట్టి నోటరీ గారికి అప్పగిస్తాను. ఆయన చెప్పిన నియమం ఒకటి ముందే రాస్తున్నాను, అందరూ గుర్తు పెట్టుకోవాలి. ఈ వీలునామా వల్ల ఏదైనా పొందే మనిషి దీనికి సాక్షి సంతకం పెట్టకూడదు. పెడితే ఆ మనిషికి రాసింది చెల్లదు.

ఒకటి. ఈ ఇంట్లో నా సగం వాటా మా ఆయన ఫౌస్తీనోకి, ఆయన తరవాత మా పిల్లలు జొరైడాకీ ఒస్మార్‌కీ సమానంగా చెందుతుంది. ఫౌస్తీనో పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నం వండాడు. ఆ గిన్నెలో ఇప్పుడు జెరేనియం మొక్క ఉంది. గిన్నె, మొక్క, రెండూ ఆయనకే. నీళ్ళు పోయడం మాత్రం ఆయనకు బాగానే వచ్చు.

రెండు. భోజనాల గదిలోని గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే పలకతో సహా, మా అబ్బాయి ఒస్మార్‌కి. వాడి అపార్టుమెంటు తలుపు ఇరుకు. బల్లని కోసి లోపలికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఈ నిబంధన రద్దు. బల్ల కోసం ఇల్లు మారాలి గానీ ఇంటి కోసం బల్లని నరకకూడదు.

మూడు. ఆవిరి మీద ఉడికించే వెదురు బుట్టలు ఎవరికీ రాయడం లేదు. అవి చాలాకాలంగా పక్కింటి కసీల్దా గారి దగ్గర ఉన్నాయి. అడిగినప్పుడల్లా ఆమె, "ఏ బుట్టలమ్మా?" అంటుంది. ఆమెను సాక్షిగా పిలిచాను కనుక చట్టప్రకారం ఆమెకు ఏమీ ఇవ్వలేను. ఆమె ఈ వాక్యం చదువుతుందని నాకు తెలుసు.

నాలుగు. శాన్ అకోన్ పటం. ఎర్రటి ముఖం, పొడుగాటి గడ్డం ఉన్న ఈ సెయింటు మా మామగారితో పాటు ఓడలో వచ్చాడు. గూట్లో లీమావాళ్ళు కొలిచే ఊదారంగు క్రీస్తు స్వామి పక్కనే ఉంటాడు. ఒకసారి ఇంటిని ఆశీర్వదించడానికి వచ్చిన ఫాదర్, "ఈయన ఏ సెయింటు, డాన్ హువాకీన్?" అని అడిగితే మామగారు, "చీనా సెయింటు ఫాదర్, బాగా పనిచేస్తాడు" అన్నారు. ఫాదర్ ఒక్క క్షణం ఆలోచించి ఆయన మీద కూడా పవిత్రజలం చల్లారు. కాబట్టి ఇద్దరినీ విడదీయకూడదు. ఇద్దరూ ఫౌస్తీనో సంరక్షణలో ఉంటారు. శాన్ అకోన్ ముందు పెట్టిన నారింజలు వాడే దాకా ఆగాలి. ఫౌస్తీనో మధ్యాహ్నానికే ఒలిచి తినేస్తున్న సంగతి శాన్ అకోన్‌కీ తెలుసు, నాకూ తెలుసు.

ఐదు. నా ఊరు సెలెందీన్ నుంచి పెళ్ళినాడు పెట్టుకొచ్చిన గడ్డి టోపీ జొరైడాకి. కొండల్లో ఆ టోపీ లేని ఆడది బజారుకి వెళ్ళదు. ఇక్కడ దాన్ని పెట్టుకుంటే అందరూ చూస్తారు. చూడనీ.

ఆరు. మూకుడు. దీని గురించి కొంచెం పొడుగ్గానే రాయాలి.

ఈ ఇనప మూకుడు కాంటన్ నుంచి వచ్చిందని దెల్మీరా వదిన అందరికీ చెబుతుంది. రాలేదు. మా మామగారు హువాకీన్ సియు కాంటన్ నుంచి తెచ్చుకున్న వంటసామాను పొడుగు కాడ గరిట ఒక్కటే. మూకుడు లీమాలోనే, కాపోన్ వీధి వెనక ఒక కమ్మరి దగ్గర పాత డ్రమ్ము రేకుతో కొట్టించుకున్నారు. ఆ రెండింటితోనే ఈ పేటలో చీఫా, అంటే చీనా భోజనశాల, పెట్టి, చేతులు వణికే దాకా నడిపారు. చీఫా మూశాక మూకుడు ఇంటికొచ్చింది. దానికి సబ్బు తగలకూడదు. వేడినీళ్ళు, వెదురు కుంచె, మళ్ళీ మంట మీద ఆరబెట్టి నూనె చెయ్యి రాయడం. అంతే.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు బంగాళాదుంపల పులుసు తప్ప ఏమీ చేతకాదు. మొదటిరోజే వదిన వంటింటి గడప మీద నిలబడి, "చూసుకో కొండపిల్లా! మా నాన్న మూకుట్లో గినీ పందిని వేసేవు!" అంది. మా కొండల్లో గినీ పందిని వండుకుంటాం కనుక అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మరిచిపోలేదు.

మామగారు మాత్రం నన్ను పొయ్యి పక్కనే నిలబెట్టుకున్నారు. "కళ్ళతో కాదమ్మాయ్, చెవితో వండు. మంట చప్పుడు మారిందా, అప్పుడు వెయ్యి అన్నం" అనేవారు. చౌఫా అంటే వేయించిన అన్నం, దానికి మూకుడి ఊపిరి తగలాలి అనేవారు. అది తగిలిన చౌఫాకీ, తగలని చౌఫాకీ తేడా వీధి మలుపులోనే తెలిసిపోతుంది. నాకు అది పట్టుబడటానికి చాలా అన్నం మాడింది. మాడిందంతా ఆయనే తిన్నారు, ఒక్కమాట అనకుండా.

వదినని మాత్రం ఆయన వంటింటి గడప దాటనివ్వలేదు. చీనా బడికి పంపారు. తరవాత ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం వచ్చేదాకా చదివించారు. "ఈ ఇంట్లో కాలిన చేతులు నావి చాలు. నీ చేతిలో కలం ఉండాలి" అనేవారు. అందుకే వదిన కాంటన్ భాష మాట్లాడుతుంది, కాగితం నిండేంత సంతకం పెడుతుంది, గుడ్డు వేయించలేదు. అది ఆయన ప్రేమతోనే చేశారు. కానీ నేను ఆయన పక్కన ఉల్లికాడలు తరుగుతుంటే, ఆఫీసు బట్టల్లో గడప మీద నిలబడి ఆమె చూసే చూపు నాకు గుర్తుంది. గినీ పంది మాటకీ ఆ చూపుకీ నేను ఎప్పుడో చెల్లు వేశాను.

ఇంకొక సంగతి. తొంభై ఎనిమిదిలో మామగారి తమ్ముడి కొడుకు కాంటన్ నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. వదిన వారం రోజులు ఇల్లు సర్దించింది. "మనం ఏమీ మరిచిపోలేదని వాళ్ళకి తెలియాలి" అంది. మామగారే మూకుడు పట్టి చౌఫా, మాంసం కూరిన పిండి ముద్దలతో వాంతాన్ సూపు, అల్లం వేసిన కోడి చేశారు. పక్కన ఎప్పటిలాగే పసుపు మిరప ముద్ద, నిమ్మకాయ. ఆ అబ్బాయి తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు, చెమట తుడుచుకుంటూ ఏదో అడిగాడు. మాలో ఆ భాష వచ్చింది తండ్రీకూతుళ్ళకే. వదిన ముఖం కందిపోయింది. "చాలా బాగుందంటున్నాడు" అని ఊరుకుంది.

మామగారు చెంచా పక్కన పెట్టి పడీపడీ నవ్వారు. "ఉన్నది ఉన్నట్టు చెప్పవే! ఈ పెరూ వంటల పేర్లేమిటి, మా ఊళ్ళో ఎవరూ చేయరే అంటున్నాడు!"

"నాన్నా!"

"ఏంటే నాన్నా? ఇక్కడి మంట, ఇక్కడి మిరప, ఇక్కడివాళ్ళ నోళ్ళు. ఇన్నేళ్ళయ్యాక ఇంకా మా అమ్మ వంటే వస్తుందనుకున్నావా?"

ఆ అబ్బాయి వెళ్ళేటప్పుడు పసుపు మిరప గింజలు ఒక మేజోడులో మూట కట్టి తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు వాటిని ఏమని పిలుస్తున్నారో నాకు తెలియదు.

మామగారు పోయాక ఆదివారం భోజనం నేను వండుతున్నాను, నా పక్కన నిలబడి జొరైడా నేర్చుకుంది. నా కంటే బాగా వండుతుంది, ఇది తల్లి ప్రేమతో అంటున్న మాట కాదు. ఈ ఫిబ్రవరిలో, చీనా కొత్త సంవత్సరం తరవాతి ఆదివారం, అది బియ్యం బదులు కీన్వాతో చౌఫా చేసింది. కొండల్లో మా అమ్మ పండించిన గింజ. చెప్పకుండా పెట్టింది. వదిన రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాక చెప్పింది. ఇక చూడండి.

"హెర్మెలిందా! నీ కూతురు మా నాన్న మూకుట్లో కొండగింజలు పోసింది! అన్నం లేని చౌఫా ఏంటే, పెళ్ళికొడుకు లేని పెళ్ళి!"

"రెండోసారి వడ్డించుకున్నావు కదత్తా! నాలుక్కి రాని కోపం చెవికి వచ్చిందా?"

"మా రక్తం ఉంటే తెలిసేది నీకు!"

"ఉంది కదా! నీ తమ్ముడి కూతుర్నే కదా నేను! చర్చిలో తలమీద నీళ్ళు పోయించింది నువ్వే కదా!"

వదిన చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆదివారాలు రావడం లేదు. ఫౌస్తీనో ప్రతి ఆదివారం ఆమె టీ కప్పు బల్ల మీద పెడతాడు, భోజనాలయ్యాక కడగకుండానే లోపల పెడతాడు. బల్ల మీద పలక తిరిగి ఆ ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడు అందరం వేరే వైపు చూస్తాం.

కనుక, మూకుడుని దెల్మీరా సియుకి ఇస్తున్నాను. పూర్తి హక్కులతో. ఆమె తండ్రి చేతి మూకుడు, ఆమె ముట్టుకోలేకపోయిన మూకుడు. గోడకి వేలాడదీయకూడదు, అతిథులకు చూపించే వస్తువు చేయకూడదు. వండాలి.

ఏడు. కాంటన్ నుంచి వచ్చిన గరిట జొరైడాకి. మామగారు నాకు నేర్పినదంతా దానికి ముందే ఇచ్చేశాను, అది రాయనక్కరలేదు. ఇప్పుడు మూకుడు ఉన్నామెకి వంట రాదు, వంట వచ్చినదానికి మూకుడు లేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఎనిమిది. మూకుడుకి తగ్గ మంట ఈ ఇంటి పొయ్యికే ఉంది కనుక మూకుడు ఈ ఇంటి పొయ్యి మీదే ఉంటుంది. ప్రతి ఆదివారం జొరైడా మేనత్తకి నేర్పాలి, నోరు పారేసుకోకుండా. వదిన నేర్చుకోవాలి. ఆమె నోరు పారేసుకోవచ్చు, అది మానుకోవడం ఆమె వల్ల కాదు. బియ్యమా కీన్వానా అన్నది ఆ రోజు గరిట పట్టినవాళ్ళ ఇష్టం. ఆరు, ఏడు, ఎనిమిది నిబంధనలకు నేను పోయేదాకా ఆగనక్కరలేదు. సంతకాలైన రోజు నుంచే అమలు.

తొమ్మిది. ఈ ఇంట్లో ఏ కాగితమైనా మొదటి సంతకం దెల్మీరా వదినదే. మా పెళ్ళికి ఆమే పెట్టింది, ఇంటి దస్తావేజుకి ఆమే, పిల్లల బాప్తిస్మానికి ఆమే. భోజనానికి రాని మనిషి సంతకానికి తప్పకుండా వస్తుంది. అందుకే మొదటి సాక్షిగా ఆమె పేరే రాశాను. ఆ హక్కు ఆమెనుంచి నేను తీసుకోను. సంతకం పెడితే, పైన చెప్పిన నియమం ప్రకారం, మూకుడు ఆమెకి రాదు. జొరైడాకి చేరుతుంది, ఎవరి మీదా నిష్ఠూరం లేదు. పెట్టకపోతే మూకుడు ఈ రోజే ఆమెది.

వదినా, నువ్వు ఇంతదాకా చదివి ఉంటావు. కలం నీ కుడిచేతి పక్కనే ఉంది. చౌఫాకి అన్నం నిన్ననే వండి ఆరబెట్టాను. నీకు తెలుసు కదా, వేడి అన్నం పనికిరాదు.

పది. ఈ వీలునామాని అమలు చేసే బాధ్యత ఒస్మార్‌ది. వాడు ఎవరి పక్షమూ కాదు, వాంతాన్ల పక్షం.

లీమా, 2019 ఆగస్టు 18, ఆదివారం.

(సంతకం) హెర్మెలిందా తంతలేయాన్

సాక్షులు:

మొదటి సాక్షి: దెల్మీరా సియు (కొట్టివేయడమైనది)

కొట్టివేతకు వివరణ. పై పేరు నా సమ్మతితో, ఆమె చేతితోనే కొట్టివేయబడింది. దెల్మీరా సియు తొమ్మిదో నిబంధన రెండుసార్లు చదివింది. తన పేరు మీద గీత కొట్టింది. తరవాత కలానికి మూత పెట్టి, చేతి గడియారం తీసి దాని పక్కన పెట్టి, వంటింటి గడప దాటింది. "ఏమే, ఈ పొయ్యి ఎటు తిప్పాలి?" అని ఆమె అడగడం, "ముందు చేతులు కడుక్కో అత్తా, తరవాత చూద్దాం" అని జొరైడా అనడం కింది సాక్షులిద్దరూ విన్నారు. మంట పైకి లేచినప్పుడు ఆమె అరుపు వీధి కూడా వింది. మొదటి వాయి మాడింది. ఫౌస్తీనో ఆమె కప్పులో టీ పోసి, మాడిన వాయి తన పళ్ళెంలో వేసుకుని, తండ్రిలాగే, ఒక్కమాట అనకుండా తిన్నాడు. రెండో వాయి అందరం తిన్నాం, సాక్షులు కూడా. ఆ భోజనం ఈ వీలునామా వల్ల పొందిన లాభం కిందికి వస్తుందేమో రేపు నోటరీ గారిని అడిగి తెలుసుకుంటాను.

మొదటి సాక్షి: ఎవారిస్తో పుమారికా, గ్యాసు బండ దింపడానికి వచ్చినవారు, దింపాక కూర్చోబెట్టబడినవారు.

రెండవ సాక్షి: కసీల్దా ఒలివోస్, పక్కింటివారు. సంతకానికి ముందు ఇంటికి వెళ్ళి, వెదురు బుట్టలతో తిరిగి వచ్చారు.