బాపు ఫొటోకు చల్లని నీళ్ళు

ఏప్రిల్ 9, 1944. నల్లగొండ

రేపు దవాఖానలో బాపు కుడికాలు తీసేస్తారు. పుండు నల్లబడింది, ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పట. పొద్దున తానే అడిగాడు - "కొడుకా, రెండు కాళ్ళ మీద నిలవడ్డ ఫొటో ఒకటి తియ్యిరా. మల్ల తీద్దమంటే ఉండది గద." కెమెరాలో ఒక్క ఫొటోకే ఫిల్ము మిగిలింది. గుమ్మం పట్టుకోకుండా నిలబడ్డాడు. మీట నొక్కాను.

ఏప్రిల్ 10

కోశారు. బతికాడు. ప్రభువా, వందనాలు. ఇంకేం రాయను.

ఏప్రిల్ 13

బాపు రీలును ముట్టే ధైర్యం లేదు. ముందు మా బడిపిల్లల ఫొటోల రీలు కడిగి చూశాను. ఫిల్ము కడిగే మందు అరవై ఎనిమిది ఫారన్‌హీట్ డిగ్రీలు ఉండాలి. బాగా వేడెక్కితే ఫిల్ము మీద బొమ్మ పడే పూత మెత్తబడి జారిపోతుంది. బడి థర్మామీటర్ పెట్టి సూదిమొనంత తేడా లేకుండా చూశాను. మహా గొప్పలు పోయాను. తీరా ఆఖరున మంచినీళ్ళలో కడిగేటప్పుడు పెరట్లో మట్టి తొట్టి, ఆ గోలెంలోవి ముంచాను! ఎండకు కాగి ఉన్నాయి. పూతంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. పిల్లల ముఖాలన్నీ పగుళ్ళే.

నా పెళ్ళాం రూతమ్మ చూసి నవ్వింది. "కాలిన పెంక మీద సల్లనీళ్ళు పోస్తే పలగదా? పిల్లలకు పాఠాలు చెప్తవు, గిది తెల్వదా?"

బాపుది ముందు కడగలేదు, అదే పదివేలు.

ఏప్రిల్ 14

అన్ని నీళ్ళూ ఒకే చల్లదనంలో ఉండాలి - మందువీ, కడిగేవీ, బొమ్మ చెరగకుండా నిలిపే హైపోవీ. మా ఇంట్లో నీళ్ళు చల్లబెట్టే మట్టి రంజన్ పాతది. కుమ్మరి ఎల్లమ్మ దగ్గరికి పోయాను.

"పాత రంజన్ చెమట పట్టది సారూ. చెమట పట్టకుంటే నీళ్ళు సల్లవడయి. కొత్తయి రెండు తీస్కపో."

ఎందుకో చెప్పాను. చేతుల మట్టి కడుక్కుంది. "నా పెండ్లికి మీ బాపు తెల్లందాక డప్పు కొట్టిండు. ఒక్కసారి గూడ కూసోలె."

రెండు రంజన్లూ తానే మోసుకొచ్చి మా ఇంట్లో దించింది. చల్లగా ఉండాలి తల్లి.

ఏప్రిల్ 16

తెల్లవారుజాము. వెలుతురు చొరకుండా కిటికీకి గొంగడి. ఎర్ర దీపం. కొత్త రంజన్ నీళ్ళు డెబ్బై మూడు - భేష్! పెద్ద తాంబాళంలో సూరేకారం కరిగించాను, అది కరిగితే నీళ్ళు చల్లబడతాయి. అందులో మందు గిన్నె పెట్టాను. డెబ్బై... అరవై తొమ్మిది... ఆగదే! అరవై నాలుగు. నాకు చెమటలు.

"జర ఫికర్ చెయ్యకు" అని రూతమ్మ గిన్నెను బయటికి తీసి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. అరవై ఆరు. అరవై ఏడు. "ఇంక వదులు!" అని అరిచాను. అరవై ఎనిమిది. మిగతా గిన్నెలనూ అలాగే దారికి తెచ్చాం.

ఫిల్మును రెండు కొసలా పట్టుకుని మందులో ఆడిస్తున్నాను. ముందు తెల్ల పంచె తేలింది, నల్లగా - ఫిల్ము మీద తెలుపు నలుపుగానే వస్తుంది. తర్వాత తలపాగా. పాదాలు రావడం లేదు... వచ్చాయి. రెండూ. కుడిదాని కట్టుతో సహా. ఎక్కడా ఒక్క నెర్రె లేదు. ఏడ్చేశాను. ఎల్లమ్మకూ రూతమ్మకూ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఏప్రిల్ 17

ఆరింది. మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను, పిచ్చివాడిలా.

ఏప్రిల్ 19

కాగితం మీద అచ్చువేసి దవాఖానకు తీసుకుపోయాను. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జ్వరం లేదు, దేవుడి దయ. ఫొటో చాలాసేపు చూశాడు. బొటనవేలితో కుడికాలును మూశాడు, తీశాడు.

"మంచిగొచ్చింది బిడ్డా."

ప్రాణం లేచి వచ్చింది. అంతలో బాపు దుప్పటి పక్కకు లాగాడు. ఇన్ని రోజులూ నేను ఆ కోసిన కాలి వైపు చూడలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"గిప్పుడు గిట్ల గూడ ఒకటి తియ్యిరా. గిది గూడ నేనే గద."

ఈ యుద్ధంలో ఫిల్ము ఎక్కడా దొరకడం లేదు. హైదరాబాదు దుకాణాల్లోనూ లేదట. అయినా తీస్త బాపూ, అన్నాను. ఎట్లా తీస్తానో...

చూశాను మాత్రం. తల తిప్పుకోకుండా చూశాను.